కాపీ పెడితే ఫోల్డర్ తెరుచుకోవడం లేదా? షెడ్యూలర్ కన్నా ముందు ఇది చూడండి

పాత హార్డ్‌డిస్క్ ఉన్న లినక్స్ సిస్టమ్‌లో పెద్ద ఫైల్ కాపీ పెడితే మౌస్ కదులుతోంది గానీ ఏదీ తెరుచుకోవడం లేదు, ఐఓ షెడ్యూలర్ (డిస్క్‌కి వెళ్లే పనుల్లో ఏది ముందో తేల్చేది) మార్చాలా అని ఒకరు అడిగారు. మార్చొచ్చు. కానీ అసలు గొడవ అంతకంటే ముందే మొదలవుతుంది.

పర్లాకిమిడిలో మాది ఫోటో స్టూడియో. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక పక్క వీడియో కాపీ అవుతుంటుంది, పాతపట్నం నుంచి వచ్చిన పార్టీ ఆల్బమ్ చూపించమని కౌంటర్ దగ్గర నిలబడతారు. క్లిక్ చేస్తే గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. ప్రాసెసర్ చూస్తే ఖాళీ!

ప్రోగ్రామ్ ఫైల్ రాయమంటే లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ వెంటనే డిస్క్ దాకా వెళ్లదు. డేటాను ర్యామ్‌లోని పేజ్ క్యాష్‌లో పెట్టుకుని, రాసేశానని చెప్పేస్తుంది. ఇలా పేరుకున్న, ఇంకా డిస్క్‌కి చేరని డర్టీ పేజీలు అందుబాటులో ఉన్న మెమరీలో 10 శాతం దాటినా, 30 సెకన్లు పాతబడినా డిస్క్‌కి పంపడం మొదలెడుతుంది. 20 శాతం దాటితే రాసే ప్రోగ్రామ్‌నే ఆపుతుంది. ఇవి మామూలుగా ఉండే సెట్టింగులు. 8 జీబీ ర్యామ్ ఉంటే ఆ గుట్ట గిగాబైట్ దాటేస్తుంది. అదంతా ఒక్కసారిగా డిస్క్ మీద పడితే, మీ ఫోల్డర్ కోసం వెళ్లిన చిన్న రీడ్ మధ్యలో ఇరుక్కుంటుంది. రైట్ ఆలస్యమైనా మనకు తెలియదు, రీడ్ ఆగితే తెర మీద అంతా ఆగినట్టే. పైగా 5400 ఆర్‌పీఎం డిస్క్ ఒక్క చుట్టు తిరగడానికే 11 మిల్లీసెకన్లు పడుతుంది.

అందుకే ముందు కెర్నల్ సెట్టింగుల్లో ఆ రెండు హద్దులు మార్చండి: ప్రోగ్రామ్‌ని ఆపే హద్దు (డర్టీ బైట్స్, vm.dirty_bytes) 256 ఎంబీకి, పంపడం మొదలెట్టే హద్దు (డర్టీ బ్యాక్‌గ్రౌండ్ బైట్స్, vm.dirty_background_bytes) 64 ఎంబీకి తగ్గించండి. మా దగ్గర సగం టెన్షన్ దీంతోనే పోయింది.

ఆ తర్వాతే షెడ్యూలర్. వాటిలో ఎంక్యూ-డెడ్‌లైన్ (mq-deadline) అనేది రీడ్‌కి అరసెకను, రైట్‌కి 5 సెకన్ల గడువు పెట్టుకుంటుంది. తిరిగే డిస్క్ మీద డెస్క్‌టాప్ పనికి నేనైతే బీఎఫ్‌క్యూ (BFQ) అనే షెడ్యూలర్ వాడతాను, ఏ ప్రోగ్రామ్‌కి ఎంత వాటా అన్నది అది చూసుకుంటుంది. పాత వ్యాసాలు చదివి సీఎఫ్‌క్యూ (CFQ) అనే పాత షెడ్యూలర్ కోసం వెతక్కండి, 2019లో వచ్చిన 5.0 కెర్నల్‌లోనే దాన్ని తీసేశారు. తిరిగే డిస్క్ బదులు ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్ఎస్‌డీ) ఉంటే ‘నన్’ (none), అంటే షెడ్యూలర్ ఏదీ వద్దు అనే ఉంచేయండి.

పెన్‌డ్రైవ్ కాపీ నూరు శాతం చూపించగానే లాగేయకండి. అప్పటికీ కొంత ర్యామ్‌లోనే ఉంటుంది, ఇజెక్ట్ కొట్టాకే తీయండి.