గై పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్లడంటే...

హిచ్‌కాక్ తీసిన ఇంగ్లీషు సినిమా 'స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రైన్'లో హీరో గై ఏ తప్పూ చేయలేదు కదా, రైల్లో పరిచయమైన బ్రూనో వచ్చి నీ భార్యను నేనే చంపానని చెప్పగానే పోలీసుల దగ్గరికి వెళ్లొచ్చు కదా, ఇది కథలో లోపం కాదా అని ఒకరు అడిగారు. కాదు. దొంగ అని ఎప్పుడూ అనిపించుకోని వాళ్లకే ఈ అనుమానం వస్తుందని నా గట్టి నమ్మకం.

1997 దసరాలకి నేను విజయవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్లో గల్లా మీద ఉండేవాణ్ని. ఇరవై రెండేళ్లు. నాన్న చేసిన అప్పుకి వడ్డీ నేనే కట్టేవాణ్ని. పండగ బేరాలప్పుడు గల్లాలో నోట్లు పట్టవు. కట్టలు కట్టి, రబ్బరు బ్యాండు వేసి కింద అరలో సర్దేవాణ్ని. ఒక రాత్రి కొట్టు కట్టేశాక టీ బడ్డీ దగ్గర తోటి కుర్రాడితో అన్నాను, "ఇందులో ఒక కట్ట పోయినా షావుకారు గారికి తెలీదురా. మా నాన్న అప్పు తీరిపోద్ది" అని. ఊరికే అన్నమాట. కానీ అంటున్నప్పుడు ఆ కట్ట బరువు నా అరచేతిలో తెలిసింది.

మూడో రోజు లెక్కలో వంద నోట్ల కట్ట ఒకటి తగ్గింది. పదివేలు. షావుకారు గారు నన్ను వెనక గోడౌన్‌లోకి పిలిచి, "నువ్వేమన్నా తీశావా అబ్బాయ్?" అన్నారు. నేను తీయలేదు. అయినా 'లేదండీ' అనే మాట గొంతులోంచి ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యాన్ని ఆయన చూశారు. పక్కన నిలబడ్డ తోటి కుర్రాడు తల దించుకున్నాడు. నా మాట అప్పటికే చెప్పేశాడని ఆ దించుకోవడంలోనే అర్థమైంది.

ఇప్పుడు గై సంగతి చూడండి. విడాకులివ్వనని భార్య మొండికేస్తే, ప్రియురాలితో ఫోన్లో రైలు రొదకి మించి అరుస్తాడు, దాని గొంతు పిసికేయాలనుంది అని. తరవాత బ్రూనో సరిగ్గా గొంతు పిసికే చంపుతాడు. పైగా రైల్లో బ్రూనో 'నీకు అడ్డయిన మనిషిని నేను చంపుతా, నాకు అడ్డయిన మనిషిని నువ్వు చంపు' అన్నప్పుడు, గై వాణ్ని వదిలించుకోవడానికి 'బాగుంది, అన్నీ బాగున్నాయి' అని దిగిపోయాడు. లైటరు అక్కడే మర్చిపోయాడు. ఇవన్నీ తెలిసినవాడు స్టేషనుకెళ్లి ఏమని మొదలుపెడతాడు?

ఈ కథకి మూలమైన పెట్రీషియా హైస్మిత్ నవలలో గై నిజంగానే తన వంతు హత్య చేస్తాడు. 1951లో వచ్చిన సినిమాలో చేయడు. హిచ్‌కాక్ హత్యను తీసేసి, తప్పు చేసిన మనిషి ముఖాన్ని మాత్రం అలాగే ఉంచాడు. ఇనప గేటు దగ్గర సీను మళ్లీ చూడండి. గేటు లోపల బ్రూనో, బయట గై. గై ఇంటి ముందు పోలీసు కారు ఆగగానే, గై తనంతట తనే గేటు లోపలికి నడిచి హంతకుడి పక్కన నిలబడతాడు. ఊచల వెనక ఇద్దరి ముఖాలూ ఉంటాయి. గైని ఎవరూ లాగలేదు. గోడౌన్లో నేనూ అలాగే రెండడుగులు వెనక్కి వేసి మూటల నీడలోకి జరిగాను.

పది నిమిషాల్లో 'కథ వివరణ' చెప్పే వీడియోలు చూసి సినిమా చూశామనుకునే వాళ్లతో నా గొడవ ఇదే. వాటిలో హత్య ఉంటుంది, రంగులరాట్నం ఉంటుంది. ఈ గేటు ఉండదు. నేరం గై మీదకి నెట్టడానికి బ్రూనో తీసుకెళ్తున్న ఆ లైటరు మురుగు తూములో పడి బ్రూనో వేళ్లు జాపుతుంటే, దొరకాలని మనమే ఊపిరి బిగబడతామే, అదీ ఉండదు. హంతకుడి పక్షం ఎప్పుడు చేరామో మనకే తెలియని ఆ క్షణం కోసమే సినిమా అంతా తీశాడంటాను నేను.

పదకొండు రోజులకి తేలింది. షావుకారు గారి బావమరిదే పార్సిల్ ఆఫీసులో కట్టడానికి తీసుకెళ్లి చీటీ రాయలేదు. "పోన్లే, బేరం చూసుకో" అన్నారు షావుకారు గారు నాతో. అంతే. నేను మాత్రం ఆ పదకొండు రోజులూ, తీసి ఎక్కడైనా పెట్టి మర్చిపోయానా అని ఇంట్లో ట్రంకుపెట్టె రెండుసార్లు వెతికాను.

చివర్లో రైల్లో ఒక పాస్టరు పలకరిస్తూ, మీరు గై హెయిన్స్ కదా అంటాడు. గై జవాబు చెప్పబోయి ఆగి, లేచి వేరే చోటికి వెళ్లిపోతాడు. అందరూ నవ్వే సీను. నాకు నవ్వు రాదు. ఇప్పటికీ టీ బడ్డీ దగ్గర ఎవరైనా ఓనరు డబ్బు గురించి మాట ఎత్తితే, గ్లాసు పట్టుకుని అవతలికి వెళ్లి నిలబడతాను.