‘నిర్వహణ సమాచార వ్యవస్థ’, ‘సమాచార నిర్వహణ వ్యవస్థ’ ఒకటేనా?

ప్రశ్న: డిగ్రీలో కామర్స్ తెలుగు మీడియంలో చదువుతున్నాను. ఎంఐఎస్ (మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్)ను ఒక గైడులో ‘నిర్వహణ సమాచార వ్యవస్థ’ అని, ఇంకో గైడులో ‘సమాచార నిర్వహణ వ్యవస్థ’ అని రాశారు. మా సార్ నోట్స్‌లో ‘యాజమాన్య సమాచార వ్యవస్థ’ అని ఉంది. మూడూ ఒకటేనా? అలాగే డిసిషన్ సపోర్ట్ సిస్టమ్ (డీఎస్ఎస్)ను ‘నిర్ణయ మద్దతు వ్యవస్థ’ అనవచ్చా?

సమాధానం: మూడూ ఒకటి కావు. మొదటిదీ మీ సార్ రాసిందీ ఒకే వస్తువుకు రెండు పేర్లు. రెండో గైడులోది వేరే వస్తువు.

సమాసంలో మాటలు ముందువెనకలైతే అర్థం మారిపోతుంది. వంట నూనె అంటే వంట కోసం నూనె. నూనె వంట అంటే నూనెతో చేసిన వంట. అలాగే ‘నిర్వహణ సమాచారం’ అంటే నిర్వహణ కోసం సమాచారం, చతుర్థీ తత్పురుషం. ‘సమాచార నిర్వహణ’ అంటే సమాచారం యొక్క నిర్వహణ, షష్ఠీ తత్పురుషం. రికార్డులు ఎక్కడ భద్రపరచాలి, ఎన్నేళ్లు ఉంచాలి, ఎవరు చూడవచ్చు, ఎవరు దిద్దవచ్చు అన్నవన్నీ సమాచార నిర్వహణ కిందికి వస్తాయి. రికార్డు గది చూసుకునేవారి పని అది. ఎంఐఎస్ ఉన్నది ఆ పనికి కాదు. ఒక సంస్థలో నిర్వహణ బాధ్యత ఉన్నవారు రేపు ఏం చేయాలో తేల్చుకోవడానికి కావలసిన లెక్కలను వారి ముందు పెట్టడం దాని పని.

మన ఆర్టీసీ డిపోనే చూడండి. కండక్టర్ చేతిలోని టిమ్ (టికెట్ ఇచ్చే యంత్రం) నుంచి టికెట్ వచ్చిన ప్రతిసారీ ఒక నమోదు జరుగుతుంది. ఏ సర్వీసు, ఏ స్టేజీలో ఎక్కారు, ఎక్కడ దిగుతారు, ఎంత ఇచ్చారు అన్నవి అందులో ఉంటాయి. ఈ విడి విడి నమోదులే దత్తాంశం, మీరు హైస్కూలు లెక్కల పుస్తకంలో చదువుకున్న మాటే. డిపో మేనేజర్ వాటిని ఒక్కొక్కటీ చూడలేరు, చూడక్కర్లేదు కూడా. ఆయనకు కావలసినవి ఈపీకే, ఓఆర్, కేఎంపీఎల్. అంటే కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చింది, సీట్లు ఎంత శాతం నిండాయి, లీటరు డీజిల్‌కు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచింది. ఇక్కడికి వచ్చాక అది సమాచారం. ఒక రూట్లో పొద్దుటి ట్రిప్పు కిటకిటలాడుతోంది, మధ్యాహ్నం ట్రిప్పు ఖాళీగా తిరుగుతోంది అని తెలిస్తే బస్సును ఎటు మార్చాలో ఆలోచించవచ్చు.

జీరో టికెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాయి. మహిళలు డబ్బు ఇవ్వకపోయినా కండక్టర్ టికెట్ ఇస్తారు. ఊరికే ఎక్కనిస్తున్నప్పుడు ఈ కాగితం ఎందుకని విసుక్కునేవాళ్లు ఉన్నారు. ప్రభుత్వం నుంచి సంస్థకు రావలసిన సొమ్ము లెక్కకు అది కావాలి. ఏ ట్రిప్పులో ఎంతమంది ఎక్కుతున్నారో పైవాళ్లకు తెలియడానికీ అదే కావాలి. టికెట్ కొట్టకపోతే ఫుట్‌బోర్డు మీద జనం వేలాడుతున్నా లెక్కలో మాత్రం బస్సు ఖాళీగా నడిచినట్టే!

ఇక ‘యాజమాన్యం’. యజమాన అనే సంస్కృత పదానికి మొదటి అర్థం, యజ్ఞం చేయించుకునే గృహస్థు. ఋత్విక్కులకు దక్షిణ ఇచ్చేది, ఫలం పొందేది ఆయనే. పండిత నుంచి పాండిత్యం, సుందర నుంచి సౌందర్యం వచ్చినట్టే యజమాన నుంచి యాజమాన్యం వచ్చింది. తెలుగులో ఈ మాట వినగానే ఆస్తి గలవాళ్లు గుర్తొస్తారు. ‘మిల్లు యాజమాన్యం దిగొచ్చింది’, ‘కాలేజీ యాజమాన్యం ఫీజు పెంచింది’ అన్నప్పుడు మన మనసులో ఉండేది మేనేజ్‌మెంట్ అనే విద్య కాదు, ఆ మనుషులు. అందుకే ‘యాజమాన్య సమాచార వ్యవస్థ’ను తెలియనివాళ్లు ‘యజమానుల వివరాలు ఉండే వ్యవస్థ’ అనుకునే వీలుంది.

అలాగని మీ సార్ రాసింది తప్పనను. వ్యవసాయం రాసేవాళ్లు ఎప్పటి నుంచో నీటి యాజమాన్యం, సమగ్ర పోషక యాజమాన్యం అంటున్నారు, రైతులకు అది చక్కగా అర్థమవుతోంది. అక్కడ యజమాని ఎవరన్న ప్రశ్నే రాదు. ‘నిర్వహణ’కూ దాని ఇబ్బంది దానికి ఉంది. రోడ్ల నిర్వహణ అంటే మరమ్మతులు, సభ నిర్వహణ అంటే జరిపించడం. రెండింటిలో ఎంచుకోమంటే నాకు నిర్వహణే మేలనిపిస్తుంది, ఎందుకంటే అది పనిని చెబుతుంది, యాజమాన్యం పదవిని చెబుతుంది. మామూలు వ్యాసంలో అయితే మొదటిసారి ‘నిర్వహణకు తోడ్పడే సమాచార వ్యవస్థ’ అని విడమరిచి రాసి, ఆ తర్వాత హాయిగా ఎంఐఎస్ అనేయండి. ‘ఎంఐఎస్ సిస్టమ్’ అని మాత్రం రాయకండి. చివరి ఎస్సే సిస్టమ్. ఏటీఎం మిషన్ అనడం లాంటిదే ఇది.

మండల ఆఫీసుల్లో ఈ మూడక్షరాలు ఎప్పుడో తెలుగైపోయాయి. ఉపాధి హామీ కూలీలు కూడా ‘మస్టర్ (హాజరు పట్టీ) ఎంఐఎస్‌లో ఎక్కలేదు, అందుకే డబ్బులు పడలేదు’ అంటారు. ఎక్కడం, ఎక్కించడం, పడటం, ఎంత బాగున్నాయో చూడండి! పూర్వం పద్దు ఖాతాకు ఎక్కేది, ఇప్పుడు కంప్యూటర్‌కు ఎక్కుతోంది. ‘దత్తాంశమును నిక్షిప్తము చేయుట’ అని గైడు రాసినవారు ఒక్క పూట ఆ ఆఫీసులో కూర్చుంటే బాగుండేది.

మీ రెండో సందేహం మొదటిదానికన్నా ముఖ్యమైంది. ‘నిర్ణయ మద్దతు’ అనే మాట అసలు విషయాన్నే తలకిందులు చేస్తుంది. తెలుగులో మద్దతు ఇవ్వడం అంటే ఒక పక్షం వైపు నిలబడటం. అభ్యర్థికి, సమ్మెకు, తీర్మానానికి మద్దతిస్తాం. అంటే అది ముందే ఉండాలి. ‘నిర్ణయానికి మద్దతు’ అంటే మేనేజర్ చేసేసిన నిర్ణయాన్ని వెనకేసుకురావడం అవుతుంది. మద్దతు ధరలో ‘ఆసరా’ అనే అర్థం ఉన్న మాట నిజమే, అయినా నిర్ణయం పక్కన చేరితే మొదటి అర్థమే ముందు తడుతుంది.

డీఎస్ఎస్ పనిచేసేది నిర్ణయానికి ముందు. ఈ పేరు 1971లో గోరీ, స్కాట్ మోర్టన్ అనే ఇద్దరు అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం నుంచి రాసిన వ్యాసంతో వాడుకలోకి వచ్చింది. వాళ్ల కన్నా ముందు హెర్బర్ట్ సైమన్ అనే అమెరికా ఆర్థికవేత్త నిర్ణయాలను రెండు రకాలుగా చూశాడు. కొన్ని రివాజు ప్రకారం జరిగిపోయేవి, కొన్ని ప్రతిసారీ కొత్తగా తల బద్దలు కొట్టుకోవలసినవి. స్టోర్‌లో టైర్ల నిల్వ ఒక హద్దుకు దిగగానే ఆర్డర్ పెట్టడం మొదటి రకం, దాన్ని యంత్రానికే వదిలేయవచ్చు. కొత్త కాలనీకి సర్వీసు వేయాలా వద్దా అన్నది అలా తేలదు. ‘ఇన్ని ట్రిప్పులు వేస్తే, డీజిల్ ధర ఇంత పెరిగితే, పక్క రూట్లో ఇంతమంది తగ్గితే’ అని రకరకాలుగా వేసి చూడాలి. అలా వేసి చూడటానికి సాయపడేదే డీఎస్ఎస్. చివరకు తేల్చేది మనిషే. కనుక ‘నిర్ణయ సహాయక వ్యవస్థ’ అనండి. ‘నిర్ణయానికి తోడ్పడే వ్యవస్థ’ అన్నా బాగుంటుంది.

మీ సిలబస్‌లో ‘నిర్ణయ మద్దతు వ్యవస్థ’ అనే అచ్చయి ఉంటే పరీక్షలో పేచీ పెట్టుకోవద్దు. వాళ్ల మాటే శీర్షికగా రాసి, మొదటి వాక్యంలోనే ‘నిర్ణయం చేసేవారికి సహాయపడేది’ అని అర్థం చెప్పేయండి. ‘సమాచార నిర్వహణ వ్యవస్థ’ను మాత్రం ఎంఐఎస్‌కు బదులుగా ఎక్కడా రాయకండి.