బండి ముచ్చట: 79 మోడల్ జీపు, డీజిల్ ఇంజన్, ఆర్మీ రంగు... అడ్వాన్స్ ఇయ్యాల్నా?

ప్రశ్న: అన్నా నమస్తే, మాది దేవరకొండ దగ్గర ఊరు. చిన్నప్పుడు మా తాత జీపుల కూసోపెట్టుకొని డిండికి తీస్కపోయేటోడు, అప్పటి సంది జీపంటే పిచ్చి. ఇప్పుడు కల్వకుర్తిల ఒకాయన దగ్గర మహీంద్రా 540 ఉన్నది, 1979 మోడల్ అంటున్నడు, మిలిటరీ డిస్పోజల్ల తీసుకున్నరట, ఫోర్ బై ఫోర్ అట, ఆర్మీ గ్రీన్ పెయింట్ మెరుస్తున్నది, టైర్లు కూడా కొత్తయి. 3 లక్షల 60 వేలు చెప్పిండు. ఆర్సీ ఫొటో వాట్సాప్ చేసిండు, దాంట్ల రిజిస్ట్రేషన్ కూడా 79లనే, ఫ్యూయల్ పెట్రోల్ అని ఉంది, బండి మాత్రం డీజిల్. అడిగితే పాత బండ్లన్నీ అంతే తమ్మీ అంటున్నడు. అడ్వాన్స్ పంపమంటున్నడు, పంపాల్నా?

జవాబు: పంపకు తమ్మీ, పైసలు జేబులనే ఉండనియ్యి. నువ్వు రాసిన నాలుగు మాటలల్లనే మూడు కాడ లెక్క తప్పుతుంది.

మొదటిది, ఎంఎం 540 మార్కెట్ల కొచ్చిందే 1985ల, ప్యూజో 2112 సీసీ డీజిల్ ఇంజన్‌తోని. మరి 79 మోడల్ 540 యాడికెళ్లి వస్తది? ఆ ఆర్సీ ఏదో పాత పెట్రోల్ సీజే జీపుది (540 కన్న ముందటి మహీంద్రా మోడల్) అయ్యుంటది, తర్వాత ఇంజన్ పీకి డీజిల్ది కూసోపెట్టిన్రు, లేదంటే బాడీ ఛాసిస్ ఒకదానియి కాగితం ఇంకోదానిది. మొదటి సంగతి మన దిక్కు మస్తు కామన్, పెట్రోల్ ఖర్చు మొయ్యలేక సగం మంది రైతులు అదే చేసిన్రు, కానీ ఇంజన్ మార్చే ముందు ఆర్టీఏ పర్మిషన్ తీస్కొని ఆర్సీల ఎక్కించాలె. ఎక్కియ్యని బండికి రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సోళ్లకు తప్పించుకునే సందు నువ్వే ఇచ్చినట్టు. రెండో సంగతైతే మాత్రం ఫ్రీగ ఇచ్చినా తీస్కోవద్దు.

రెండోది ఆ మిలిటరీ కత. ఆర్మీల బండి కొన్నేండ్లు నడిచి, వేలం అయినంకనే బయటోళ్ల పేరు మీద రిజిస్టర్ అయితది. అంటే తయారైన సంవత్సరానికి రిజిస్ట్రేషన్ తారీఖుకు నడుమ ఏండ్ల గ్యాప్ ఉండాలె, నీ ఆర్సీల రెండూ 79ఏ ఉన్నయి. వేలంల కొన్న కాగితం చూపియ్యమను, లేదంటే అది మిలిటరీ గేటు కూడ చూసి ఉండది. ఇగ ఆ రంగు! మోటార్ వెహికల్స్ రూల్స్‌ల 121వ రూల్ ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు డిఫెన్స్ బండ్లకు తప్ప ఎవ్వరికీ వెయ్యరాదు. నిజంగ డిస్పోజల్ బండైనా సరే కొన్నోడు రంగు మార్చాల్సిందే. సోకు కోసం ఏసుకుంటరు, చెక్‌పోస్ట్ కాడ ఆపితే అప్పుడు యాదికొస్తది.

నంబరు కొట్టి ఆన్‌లైన్ల చూడు, ఓనర్లు ఎంతమంది, రిజిస్ట్రేషన్ ఎప్పటి దాక ఉంది, ఫైనాన్స్ ఉందా, అన్నీ వస్తయి. 89కి ముందటి నంబర్లు కొన్ని కంప్యూటర్ల కెక్కలే, అప్పుడు రిజిస్టర్ అయిన ఆఫీసుకే పోయి అడగాలె. సొంత బండికి మొదట 15 ఏండ్లు, తర్వాత అయిదేసి ఏండ్లకు రెన్యువల్. 2025 ఆగస్టు సంది 20 ఏండ్లు దాటిన కార్లు జీపులకు ఆ ఫీజే 10 వేలు, ధర మాట్లాడేటప్పుడు యాదిల పెట్టుకో. బండి ఎన్నడన్న పసుపు ప్లేటు మీద షేర్ జీపు లెక్క నడిచిందా అని కూడా అడుగు, మూడు నెలలకోసారి కట్టే టాక్స్ బాకీ ఉంటే అది నీ మెడకే పడతది.

ఇన్ని చెప్పినా నీ మనసు ఒప్పుకోదని నాకు తెలుసు, జీపు పిచ్చి అట్లనే ఉంటది. సరే పోయి చూస్తానంటే ఒక పెన్సిలు, తెల్ల కాగితం, టేపు, పాత చొక్కా తీస్కపో. ఛాసిస్ మీద పంచ్ చేసిన నంబరు కాడ మట్టి తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగ రుద్దు. అంకెలన్నీ ఒక్క లోతుల, ఒక్క వరుసల పడాలె. ఒక అంకె పక్కన ఆకురాయితోని అరగదీసిన గీతలు కనపడ్డయంటే చాయ్ తాగి వాపస్ వచ్చెయ్. తర్వాత ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి టేపు పెట్టు, ఆర్సీల వీల్‌బేస్‌తోని కలవాలె. ఆర్సీ సీజే 3బీ అనే పాత మోడల్‌ది అయితే 80 ఇంచులు రావాలె, ఎక్కువొస్తే ఛాసిస్సే వేరేది.

పాత చొక్కా ఎందుకంటే కిందికి దూరాలె కదా. మన దిక్కు జీపులు ట్రైలర్లు, నీళ్ల ట్యాంకర్లు గుంజి గుంజి అలిసిపోయినయి, వెనక హుక్కు ఉన్న కాడ క్రాస్ మెంబర్, అంటే ఛాసిస్ అడ్డ పట్టీ, పగులుతది. నేను ఒకసారి మిర్యాలగూడ దిక్కు ఇట్లనే నల్ల కోటింగ్ కొట్టిన ఛాసిస్ చూసి ఎంత మంచిగ మెయింటెయిన్ చేసిండో అనుకొని కొన్న, ఆర్నెల్లకు ఆ కోటింగ్ పెచ్చు ఊడితే కింద వెల్డింగ్ అతుకు, దాని పక్కన బొటనేలు పట్టేంత పగులు. అప్పటి సంది కోటింగ్ కనిపిస్తే స్క్రూడ్రైవర్ తోని గీకుడే.

ఇంజన్ సల్లగున్నప్పుడే స్టార్ట్ చెయ్యాలె, నువ్వొస్తున్నవని ముందే వేడి చేసి పెడతరు, బానెట్ మీద చెయ్యి పెడితే తెలుస్తది. నడుస్తుండంగ ఆయిల్ పోసే మూత తియ్యి, గుప్పుగుప్పున పొగొస్తే ఇంజన్ల పిస్టన్ రింగులు పోయినట్టే. రేడియేటర్ల మన నల్గొండ బోరు నీళ్లే పోసి ఉంటే లోపల తెల్లగ పొర కట్టి ఉంటది, ఎండాకాలం వేడెక్కుడు ఖాయం.

ఫోర్ బై ఫోర్ అన్న మాట అస్సలు నమ్మకు, ముందు చక్రాలకు పవర్ తీస్కపోయే రాడ్డు, ప్రొపెల్లర్ షాఫ్ట్, పీకి మూలకేసినయి ఎన్నో. ఉన్నా సరే డాంబర్ రోడ్డు మీద చూడొద్దు, మలుపుల ముందు చక్రాలు వెనకటి వాటికన్న ఎక్కువ దూరం పోవాలె, ఫోర్ వీల్‌ల ఉన్నప్పుడు గేర్‌బాక్స్ పోనియ్యదు, ఏదో ఒకటి ఇరుగుతది. వాగు ఇసుకలకు దించి లో గేర్ల నాలుగు చక్రాలు గుంజుతున్నయా చూడు.

ఇవన్నీ పాసైనా ఇంజన్ మార్పు ఆర్సీల ఎక్కించి ఇచ్చినంకనే పైసలు ఇస్తానని చెప్పు. అప్పుడు ఆయన ఫోన్ ఎత్తుతడో లేదో చూద్దాం.

ప్రశ్న: గద్వాల నుంచి రాస్తున్న. మారుతి జిప్సీ కింగ్ అని చెప్పి ఒక జీపు చూపించిన్రు, కర్నూల్ నంబరు. గేర్లు నాలుగే ఉన్నయి, పర్వాలేదా?

జవాబు: అయితే అది కింగ్ కాదు, కింగ్‌కి అయిదు గేర్లు, 1300 సీసీ ఇంజన్, 1996ల వచ్చింది. నాలుగు గేర్లంటే అంతకుముందటి 970 సీసీది, లేదా గేర్‌బాక్స్ మార్చిన్రు, ఇంజన్ నంబరు ఆర్సీతోని కలిపి చూడు. తుంగభద్ర దాటితే పక్కూరే గానీ ఇప్పుడది వేరే రాష్ట్రం, ఆడి ఆర్టీవో నుంచి ఎన్వోసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, రానిదే ఇక్కడ నీ పేరు మీదికి రాదు, అది నీ చేతికొచ్చే దాక బండి వాళ్ల వాకిట్లనే ఉండనియ్యి. పోయినప్పుడు డ్రైవర్ సీటు కింద మ్యాట్ లేపి ఫ్లోర్‌ను బొటనేలుతోని గట్టిగ నొక్కు, తుప్పు తిన్నదో లేదో తెలుస్తది.