ఊరగాయ రుచి కాక్‌టెయిల్‌కు ఏ ఊట పనికివస్తుంది?

టెక్సస్‌కు వచ్చి నాలుగు నెలలైన ఒక యువకుడు పంపిన సందేహం ఇది. ఆఫీసు మిత్రుల ఇంటికి విందుకు వెళ్ళినప్పుడు పికిల్ నీళ్ళు కలిపిన మార్టినీ (జిన్ లేదా వోడ్కాతో చేసే కాక్‌టెయిల్) ఇచ్చారనీ, ఉప్పగా, పుల్లగా ఉన్న ఆ రుచి తనకు ఎంతో నచ్చిందనీ, అమ్మ పంపిన ఆవకాయ సీసా ఇంట్లో ఉంది కనుక దానితోనే అలాంటిది చేసుకోవచ్చా అనీ ఆయన అడిగారు.

ఆవకాయతో కుదరదు. నేను డాలస్‌లో కాపురం పెట్టిన మొదటి ఏడాది ఆ ప్రయత్నం చేసి చూశాను. వోడ్కాలో చెంచాడు ఆవకాయ గుజ్జు వేసి, ఐసుతో కలియబెట్టి, టీ వడపోసే జల్లెడతో వడకట్టాను. నువ్వుల నూనె పైకి తేలి గ్లాసు అంచుకూ పెదవులకూ జిడ్డుగా అంటుకుంది. జల్లెడను దాటిపోయిన ఆవపిండి అడుగున ఎర్రగా పేరుకుంది. కారం గొంతులో నిలిచిపోయింది గానీ మామిడికాయ పులుపు మాత్రం నాలుకకు అందలేదు. నూనె ఆ పాటి మద్యంలో కలవదు, ఆవపిండీ కారప్పొడీ కరగవు, కనుక ఎన్నిసార్లు వడకట్టినా ఫలితం అదే. అమ్మ పంపిన ఆవకాయను అన్నంలోకే ఉంచుకోండి.

మీకు విందులో ఇచ్చిన పానీయంలోని పికిల్ వేరే పదార్థం. చిన్న కీరదోసకాయలను ఉప్పు నీళ్ళలోనో, వెనిగర్ కలిపిన ఉప్పు నీళ్ళలోనో వేసి, వెల్లుల్లి, తెలంగాణలో సోయకూర అని పిలిచే డిల్ ఆకు చేర్చి ఊరబెడతారు. అందులో నూనె చుక్క కూడా ఉండదు. కాయలు మునిగి ఉండే ఆ నీటిని ఇక్కడ బ్రైన్ అంటారు. దానికి మన వంటింట్లో ఎప్పటినుంచో ఊట అనే చక్కని మాట ఉంది. మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి మూడు రోజులు ఊరనిచ్చి, ఎండబెట్టడానికి ముక్కలను పిండి తీసినప్పుడు జాడీలో మిగిలే పసుపుపచ్చని పులుసును గుర్తు తెచ్చుకుంటే, కాక్‌టెయిల్‌కు కావలసినది ఏమిటో వెంటనే అర్థమవుతుంది.

దుకాణంలో సీసా ఎంచుకోవడంలోనే కొత్తవారు ఎక్కువగా పొరబడతారు. 'బ్రెడ్ అండ్ బటర్' అని రాసి ఉన్న పికిల్స్‌లో పంచదార పోస్తారు. అవి ఈ పానీయానికి పనికిరావు. 'డిల్' అని ఉన్నవే తీసుకోండి. మామూలు అరల్లో దొరికేవి ఎక్కువగా వెనిగర్‌తో చేసినవి, వాటి పులుపు సూటిగా, ఘాటుగా ఉంటుంది. చల్లని అరలో వెనిగర్ లేకుండా ఉప్పు నీళ్ళలోనే పులియబెట్టిన రకాలు కూడా కొన్ని దొరుకుతాయి. వాటి ఊట కాస్త తెల్లగా, మబ్బుగా ఉంటుంది, పులుపు మెత్తగా ఉంటుంది. నా మట్టుకు రెండో రకమే మేలు, ఎందుకంటే అందులో మన ఊరగాయ వాసన కొంత తగులుతుంది.

కొలతలు ఒక గ్లాసుకు చెబుతాను. జిన్ గానీ వోడ్కా గానీ 60 మిల్లీలీటర్లు, డ్రై వెర్మూత్ (మూలికలు కలిపిన, తీపి తక్కువగా ఉండే వైన్) 15, ఊట 15. ఇక్కడి కొలత గిన్నెల మీద ఔన్సులు ఉంటాయి. ఒక ఔన్సు సుమారు 30 మిల్లీలీటర్లు. పెద్ద ఐసు ముక్కలు నింపిన పాత్రలో మూడింటినీ పోసి, అర నిమిషం పాటు చెంచాతో తిప్పి, ముందే ఫ్రీజర్‌లో పెట్టి చల్లబరచిన గ్లాసులోకి వడకట్టండి. ఐసు కరిగి చేరే నీరు కూడా ఈ పానీయంలో భాగమే, కనుక తిప్పడం మధ్యలో ఆపవద్దు. పైన పల్చని పికిల్ ముక్క ఒకటి చాలు. వెర్మూత్ వైన్ జాతికి చెందినది కాబట్టి మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి, నెలా రెండు నెలల్లో వాడేయాలి. ఊటలో ఉప్పు ఎక్కువ. రోజుకు 2,300 మిల్లీగ్రాముల సోడియం దాటవద్దని ఇక్కడి ఆహార సూచనలు చెబుతాయి, కనుక రక్తపోటు ఉన్నవారు దీన్ని మానుకోవడమే మంచిది.

మన రుచే కావాలంటే నిమ్మకాయ ఊరగాయ దగ్గరకు రండి. ముక్కలకు ఉప్పూ పసుపూ కలిపి మూడో రోజున, కారమూ మెంతిపిండీ పోపూ వేయకముందే, ఊటను ఒక చిన్న సీసాలోకి తీసి పెట్టుకోండి. అది పికిల్ ఊట కంటే చాలా ఉప్పగా ఉంటుంది కాబట్టి 15 మిల్లీలీటర్లు కాదు, ఒక టీ చెంచా సరిపోతుంది. వోడ్కా కంటే జిన్‌తోనే అది బాగా పొసగుతుంది.

శాకాహారులు ఒక విషయం తప్పక తెలుసుకోవాలి. ఇలాంటి ఉప్పటి పానీయాల్లో ప్రసిద్ధమైన, వోడ్కాలో టమాటా రసం కలిపి చేసే బ్లడీ మేరీలో వేసే వూస్టర్‌షైర్ సాస్‌లో సాధారణంగా ఆంకోవీ చేపలు ఉంటాయి. 1969లో కెనడాలోని కాల్గరీలో పుట్టిన సీజర్ అనే పానీయంలో టమాటా రసంతో పాటు క్లామ్ అనే ఆల్చిప్ప జాతి జీవి రసం కలుపుతారు. చూడటానికి రెండూ టమాటా రసంలాగే ఉంటాయి, అడగనిదే ఎవరూ చెప్పరు.

టెక్సస్‌లో వోడ్కా, జిన్ వంటివి కిరాణా దుకాణాల్లో దొరకవు, మద్యం దుకాణాలకే వెళ్ళాలి. అవి ఆదివారం మూసి ఉంటాయి. వయసు 21 నిండినట్టు చూపడానికి, ఇక్కడి లైసెన్సు వచ్చేవరకు, పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి.

బండి సంగతి మాత్రం అన్నిటికంటే ముఖ్యం. అమెరికాలో ఒక పానీయం అంటే 40 శాతం మద్యం 44 మిల్లీలీటర్లు. మన దగ్గరి లార్జ్ పెగ్గంత, అంటే 60 మిల్లీలీటర్ల మద్యం పోసిన పై గ్లాసు, వెర్మూత్‌తో కలిపి, ఆ లెక్కన దాదాపు ఒకటిన్నర పానీయాలు అవుతుంది. పులుపూ ఉప్పూ ఆ ఘాటును కప్పేస్తాయి కనుక రెండో గ్లాసు తెలియకుండానే దిగిపోతుంది. తాగి బండి నడిపి అరెస్టయితే, కోర్టు తీర్పు రాకముందే అమెరికా విదేశాంగ శాఖ వీసాను రద్దు చేయవచ్చు. అప్పటికి ఇక్కడి ఉద్యోగం కొనసాగినా, అక్క పెళ్ళికో నాన్నగారి ఆపరేషన్‌కో ఇండియా వెళ్ళినప్పుడు మళ్ళీ వీసాకు దరఖాస్తు చేసి, అమెరికా కాన్సులేట్ నియమించిన వైద్యుడి పరీక్షకు నిలబడాల్సి వస్తుంది. అలా నెలల తరబడి అక్కడే చిక్కుకుపోయిన కుటుంబాన్ని నేను దగ్గరగా చూశాను. అందుకే మా ఇంట్లో విందు జరిగినప్పుడు, బండి నడపాల్సినవారి కోసం అదే నిమ్మకాయ ఊట ఒక చెంచా, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి, పొడవాటి గ్లాసు నిండా చల్లని సోడా కలిపి, మిగిలినవారి గ్లాసుల కంటే ముందుగా అందిస్తాను.