హెచ్-1బి మీద ఉండి టర్కీ వేటకి వెళ్లొచ్చా? తుపాకీ ముట్టుకునే ముందు జేబులో ఉండాల్సిన కాగితం

ప్రశ్న: లాయర్ గారూ నమస్తే. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు, ఇప్పుడు మిస్సోరీలో సెయింట్ లూయిస్ దగ్గర ఉంటున్నాం. నాది హెచ్-1బి వర్క్ వీసా, మా ఆవిడది దానిమీద వచ్చే హెచ్-4, ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డ్ పిటిషన్) అప్రూవ్ అయ్యి గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నాం. ఆఫీసులో నాతో పనిచేసే అమెరికన్ ఒకాయన ప్రతి ఏప్రిల్లో మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్ట్‌కి టర్కీ కోళ్ల వేటకి వెళ్తాడు, ఈసారి నన్నూ రమ్మంటున్నాడు, తనే నేర్పిస్తా, షాట్‌గన్ కూడా తనదే ఇస్తా అంటున్నాడు. మా ఫ్రెండ్స్ ఏమో వీసా మీద ఉన్నవాడు గన్ ముట్టుకుంటే డిపోర్ట్ చేస్తారు అని భయపెడుతున్నారు. వెళ్లొచ్చా? బాగుంటే తర్వాత సొంతంగా ఒక గన్ కొనుక్కోవచ్చా?

జవాబు: వెళ్లొచ్చండి. కానీ మీ ఫ్రెండ్స్ చెప్పింది కూడా ఉత్త భయం కాదు, సగం నిజం, ఆ సగం తెలీకుండా వెళ్తే మాత్రం పదేళ్లు కష్టపడి కట్టుకున్నది అంతా పోతుంది, అందుకే కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ఫెడరల్ చట్టంలో 18 యూఎస్‌సీ 922(జీ)(5)(బీ) అని ఒక సెక్షన్ ఉంది. నాన్ ఇమిగ్రెంట్ వీసా, అంటే తాత్కాలిక వీసా మీద ఈ దేశంలోకి వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు అని దాని సారాంశం. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 అన్నీ ఇందులోకే వస్తాయి. హెచ్-1బికి డ్యూయల్ ఇంటెంట్ (తాత్కాలిక వీసా మీద ఉంటూనే గ్రీన్ కార్డ్ కోరుకునే వీలు) ఉంది కదా, ఐ-140 అయిపోయింది కదా అని చాలామంది అడుగుతారు, అవేవీ ఇక్కడ పనికిరావు, గ్రీన్ కార్డ్ చేతికి వచ్చేదాకా మీరు నాన్ ఇమిగ్రెంటే. ఇది తప్పితే 15 ఏళ్ల దాకా జైలు, 2022లో వచ్చిన చట్టం ముందున్న 10 ఏళ్లని 15 చేసింది. ఇమిగ్రేషన్ చట్టంలో గన్ నేరం విడిగా డిపోర్టేషన్‌కి కారణం అవుతుంది. ఇదీ మీ ఫ్రెండ్స్ చెప్పిన సగం.

రెండో సగం అదే చట్టంలో 922(వై)(2) దగ్గర ఉంది. అమెరికాలో ఏదో ఒక స్టేట్ చట్టప్రకారం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ లేదా పర్మిట్ మీ దగ్గర ఉంటే, అది ఎక్స్‌పైర్ కాకుండా ఉంటే, పైన చెప్పిన నిషేధం మీకు వర్తించదు. అంటే మామూలుగా వేట పర్మిట్ అనేది పిట్టని కొట్టడానికి, కానీ మీలాంటి వాళ్లకి అదే తుపాకీ పట్టుకునే హక్కు కూడా, ఆ ఒక్క కాగితం రెండు పనులు చేస్తుంది. కాబట్టి వరస చాలా ముఖ్యం, ముందు పర్మిట్, ఆ తర్వాతే గన్. మీ ఆఫీసు మిత్రుడు మంచి మనసుతోనే మార్చిలో ఒక ఆదివారం రేంజ్‌కి రా ప్రాక్టీస్ చేద్దాం అంటాడు, తనకి ఈ సెక్షన్ ఉన్న సంగతి కూడా తెలిసుండదు, సిటిజన్లకి దీంతో పని పడదు కదా. పర్మిట్ లేకుండా వెళ్లి ఆయన గన్ పట్టుకుని రెండు రౌండ్లు కాల్చినా అది పొసెషనే, అంటే దగ్గర ఉంచుకున్నట్టే. అరువు తెచ్చుకున్నదా, అద్దెకి తీసుకున్నదా, అయిదు నిమిషాలే పట్టుకున్నావా అని చట్టం అడగదు.

దీనికి నిజంగా జరిగిన కేసే ఉంది. రెహైఫ్ అనే విద్యార్థి, ఎఫ్-1 మీద ఫ్లోరిడాలో చదువుతూ యూనివర్సిటీ తీసేశాక స్టేటస్ పోయినా ఇక్కడే ఉండిపోయాడు, ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్లి కాల్చాడు, అంతే, ఎవరినీ ఏమీ చెయ్యలేదు, కేసు పెట్టారు, శిక్ష పడింది. 2019లో సుప్రీం కోర్టు దాన్ని వెనక్కి పంపింది, తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసు అని కూడా ప్రభుత్వం నిరూపించాలి అని చెప్పింది. ఇది చదివి కొందరు నాకు రూల్ తెలీదు అంటే సరిపోతుంది అనుకుంటున్నారు, అది తప్పు. కోర్టు చెప్పింది స్టేటస్ తెలియడం గురించి, చట్టం తెలియడం గురించి కాదు. మీరు హెచ్-1బి మీద ఉన్నారని మీకు తెలీదా? ప్రతి మూడేళ్లకీ ఎక్స్‌టెన్షన్ వేస్తున్నారు కదా.

సరే, పర్మిట్ ఎలా. మిస్సోరీలో 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కావాలి, 16 దాటినవాళ్లు మొత్తం ఆన్‌లైన్లోనే చేసుకోవచ్చు, దానికి గన్ ముట్టుకోవాల్సిన పనే లేదు కాబట్టి మనకి అదే మంచిది. అది అయ్యాక మిస్సోరీ కన్జర్వేషన్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో గానీ యాప్‌లో గానీ పర్మిట్ కొనండి. రెసిడెంట్ రేటుకి కొనాలంటే కనీసం 30 రోజులుగా మీ ఇల్లు మిస్సోరీలోనే ఉండాలి, వేరే స్టేట్‌లో రెసిడెంట్‌గా క్లెయిమ్ చేసి ఉండకూడదు, ప్రాజెక్ట్ మారి మొన్నే వచ్చినవాళ్లు తొందరపడి రెసిడెంట్ అని నొక్కొద్దు, లైసెన్స్ చట్టప్రకారం వచ్చింది అయితేనే మీకు రక్షణ, అబద్ధం చెప్పి తీసుకున్నదైతే ఆ రక్షణే పోతుంది.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట. స్ప్రింగ్ టర్కీ పర్మిట్ ఆ సీజన్ వరకే. సీజన్ ఏప్రిల్ మధ్యలో ఒక సోమవారం మొదలై మూడు వారాలు నడుస్తుంది, అంటే మే రెండో వారానికి అయిపోతుంది. ఆ మర్నాడు మీ క్లోజెట్‌లో షాట్‌గన్, షెల్ఫ్ మీద సగం వాడిన తూటాల డబ్బా ఉన్నాయి, చేతిలో చెల్లే పర్మిట్ లేదు. నిన్నటి దాకా హాబీ, ఇవాళ ఫెడరల్ నేరం, మీరు ఇంట్లోంచి కదలకపోయినా సరే. నాకు వచ్చే ఫోన్లలో అడవిలో చేసిన తప్పుల కంటే ఇదే ఎక్కువ, అందరూ జాగ్రత్తగా లైసెన్స్ తీసుకున్నవాళ్లే, రెన్యూ చెయ్యడం మర్చిపోయినవాళ్లు. అందుకని టర్కీ పర్మిట్‌తో పాటు స్మాల్ గేమ్ (చిన్న జంతువుల) హంటింగ్ పర్మిట్ కూడా తీసుకోండి, అది ఫిబ్రవరి ఆఖరి రోజు దాకా చెల్లుతుంది. కొత్తది మార్చి 1కి ముందే కొనేసి పెట్టుకోండి, ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఎంట్రీ రికార్డు) డేట్ ఎలా గుర్తుపెట్టుకుంటారో దీన్నీ అలాగే.

ఇంకొకటి మన వాళ్లకి మరీ ముఖ్యం. ఉద్యోగం పోయిందనుకోండి, 60 రోజుల గ్రేస్ పీరియడ్ కూడా దాటిపోయి ఇంకా స్టేటస్ సరిచేసుకోలేదనుకోండి, అప్పుడు మీకు తగిలేది 922(జీ)(5)(ఏ), అంటే చట్టవిరుద్ధంగా ఉన్నవాళ్ల క్లాజు. హంటింగ్ లైసెన్స్ మినహాయింపు ఆ క్లాజుకి లేదు. లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజు చెయ్యాల్సిన పనుల్లో గన్ సంగతి కూడా ఒకటి, లైసెన్స్ ఉన్న డీలర్‌కి అమ్మెయ్యండి, రోజులు దగ్గరపడేదాకా ఆగొద్దు.

సొంతంగా కొనడం గురించి అడిగారు. డీలర్ షాపులో గన్ కొనేవాళ్లతో 4473 అనే ఫెడరల్ ఫారం నింపిస్తారు, అందులో సిటిజన్‌షిప్ అడుగుతారు, నాన్ ఇమిగ్రెంటా అని అడుగుతారు, అవును అంటే మినహాయింపు ఉందా అని అడుగుతారు. ఐ-94 అడ్మిషన్ నంబర్, హంటింగ్ లైసెన్స్ పట్టుకెళ్లండి. కొన్ని షాపులవాళ్లు మేం వీసా వాళ్లకి అమ్మం అంటారు, వాదించొద్దు, వేరే షాపుకి వెళ్లండి. ఫారంలో అబద్ధం మాత్రం విడిగా ఇంకో నేరం. మొదటి ఏడాది అయితే అసలు కొనకుండా ఉంటేనే మేలు అని నా అభిప్రాయం, మీకు నచ్చుతుందో లేదో తెలీకుండానే ఇంట్లోకి ఆ బాధ్యత ఎందుకు. విల్లు ఇష్టమైతే ఇంకా మంచిది, బాణం ఫెడరల్ చట్టంలో ఫైర్ ఆర్మ్ కాదు, టర్కీ సీజన్‌లో విల్లు, క్రాస్‌బో రెండూ పనికొస్తాయి.

అడవిలో రూల్స్ నేర్పడానికి మీ మిత్రుడు ఉన్నాడు కాబట్టి కేసు అయ్యేవి మాత్రం చెప్తాను. పబ్లిక్ ల్యాండ్‌లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి మధ్యాహ్నం 1 గంట దాకే. ప్రైవేట్ ల్యాండ్‌లో సాయంత్రం దాకా ఉందని మీ మిత్రుడి పొలం ఫ్రెండ్ చెప్పొచ్చు, అది నిజమే, కానీ మార్క్ ట్వైన్‌లో ఒంటిగంట అంటే ఒంటిగంటే. మగది గానీ, ఛాతీ మీద కుచ్చులా వేలాడే గడ్డం కనిపించే పిట్ట గానీ అయితేనే కొట్టాలి, సీజన్‌కి రెండు, మొదటి వారంలో ఒకటే. ఫోన్‌లో పెట్ట టర్కీ అరుపు రికార్డింగ్ పెట్టి పిలవడం నిషేధం, చెక్క పెట్టె మీదో పలక మీదో రాసి మీరే ఆ శబ్దం చెయ్యాలి. మొక్కజొన్న గింజలు చల్లడం నేరం, చల్లింది ఎవరో అయినా ఆ గింజలు తీసేశాక కూడా 10 రోజులు ఆ చోటు పనికిరాదు. ఇల్లు గానీ క్యాంప్ సైట్ గానీ ఉన్నచోటికి 150 గజాల లోపు కాల్చకూడదు, ఇది నేషనల్ ఫారెస్ట్ రూలు. కొట్టిన పిట్టని అదే రోజు రాత్రి 10 లోపు టెలీచెక్ చెయ్యాలి, అంటే కన్జర్వేషన్ డిపార్ట్‌మెంట్‌కి రిపోర్ట్ చెయ్యాలి.

మార్క్ ట్వైన్ ఫారెస్ట్ దాదాపు 15 లక్షల ఎకరాలు, కానీ ఏకముక్క కాదు, మధ్యమధ్యలో ప్రైవేట్ పొలాలు ఉంటాయి. చెట్ల మొదళ్ల మీద ఊదా రంగు పెయింట్ పట్టీ కనిపిస్తే అది బోర్డుతో సమానం, మిస్సోరీ చట్టంలో దాని అర్థం లోపలికి రావద్దు అని. టర్కీ అటు వెళ్లింది కదా అని గన్‌తో దాటితే ట్రెస్‌పాస్.

బట్టల గురించి కూడా ఒక మాట, ఇది చట్టం కాదు, ప్రాణం. వసంతంలో మగ టర్కీ తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుంది. తెల్లారకముందు చెట్టుకి ఆనుకుని కూర్చున్నప్పుడు మీ చొక్కా కాలర్ ఎర్రగానో జేబులోంచి తెల్ల రుమాలో కనిపిస్తే అవతల ఇంకో వేటగాడికి అది టర్కీ తలే. మీకు గొబిల్ గొబిల్ మని గానీ పెట్ట కూత గానీ వినిపించిన వైపు పాక్కుంటూ వెళ్లొద్దు, అక్కడ ఆ కూత కూస్తున్నది మనిషై ఉండొచ్చు. పబ్లిక్ ల్యాండ్‌లో మీరు ఒక్కరే ఉన్నారని ఎప్పుడూ అనుకోవద్దు.

మీరు సెయింట్ లూయిస్ అన్నారు కాబట్టి చెప్తున్నా, మిసిసిపి బ్రిడ్జి దాటితే ఇల్లినాయ్, అక్కడ ఫోయిడ్ కార్డ్ (గన్ ఉంచుకోవడానికి ఆ స్టేట్ ఇచ్చే గుర్తింపు కార్డు) అని వేరే చట్టం ఉంది. వేట నుంచి వస్తూ కార్లో గన్ ఉండగా గ్రోసరీకనో గుడికనో అటు వెళ్లకండి.

ఇక మీ ఆవిడ గారి సంగతి. వేటకి తోడుగా వచ్చి చూడ్డంలో ఇబ్బంది లేదు, గన్ మాత్రం పట్టుకోకూడదు, ఫోటో కోసం కూడా. రేపు మీరు సొంతంగా కొన్నా సరే, ఆవిడకి సొంత లైసెన్స్ లేనంత కాలం సేఫ్ తాళం గానీ నంబర్ గానీ ఆవిడకి ఇవ్వకండి, తాళం చేతిలో ఉంటే గన్ ఆవిడ అధీనంలో ఉన్నట్టే అని ప్రాసిక్యూటర్ వాదించగలడు. మీ లైసెన్స్ ఆవిడకి వర్తించదు. ఆవిడకీ ఆసక్తి ఉంటే ఇద్దరూ కలిసి ఆ ఆన్‌లైన్ క్లాసు చేసి, ఇద్దరి పేరునా విడివిడిగా పర్మిట్లు తీసుకోండి, ప్రింట్ తీసి ఒక కాపీ పాస్‌పోర్ట్, ఐ-94 పెట్టే ఫైల్లో ఉంచండి, ఒకటి జేబులో.