నీళ్ల సంగతి: గంగోత్రి మంచు, మన నల్లా నీళ్లు
(పాఠకుల ప్రశ్నలకు నల్లగొండ రిటైర్డ్ భూగోళం మాస్టారి జవాబులు)

ప్రశ్న: సార్, పోయిన మే నెలలో మా వీధి ఆడవాళ్లం కలిసి చార్‌ధామ్ పోయి వచ్చాం. గంగోత్రిలో గుర్రాల అబ్బాయి పైకి చూపించి, మంచు ఏటేటా వెనక్కి పోతోందన్నాడు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఆ మంచు అయిపోతే మా నల్లా కూడా బందవుతుందా? అడిగితే మా అబ్బాయి నవ్వుతున్నాడు.
– ఒక గృహిణి, దేవరకొండ

జవాబు: నవ్వనివ్వండమ్మా. నదులన్నీ మంచులోంచే పుడతాయని పరీక్షలో రాసే పిల్లలు నాకు ఏటా నలుగురైనా తగిలేవాళ్లు. మీ నల్లాలో వచ్చేది కృష్ణ నీళ్లు. అది పుట్టేది మహాబలేశ్వరం కొండల్లో, అరేబియా సముద్రానికి 64 కిలోమీటర్ల దూరంలో. అక్కడ మంచుగడ్డల్లేవు. పడమటి కనుమల మీద కురిసిన వాన ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం దాటుకుని సాగర్‌కు చేరాలి. గంగోత్రి కరిగితే మీ బిందె ఖాళీ కాదు.

అయితే ఆ గుర్రాల అబ్బాయి అబద్ధం చెప్పలేదు. గంగోత్రి హిమానీనదం, అంటే కొండల మధ్య మెల్లగా జారే పెద్ద మంచుగడ్డ, పొడవు దాదాపు 30 కిలోమీటర్లు. దాని కొస గోముఖ్. 1935 నుంచి ఆ కొస ఒకటిన్నర కిలోమీటర్లకు పైగానే వెనక్కి జరిగింది.

మా చిన్నప్పుడు ఇంట్లో వడ్ల గుమ్మి ఉండేది. పేడతో అలికిన వెదురు గుమ్మి. అడుగున చిన్న కంత, దానికి గుడ్డ కుక్కేవాళ్లు. అమ్మ కావాల్సినప్పుడు గుడ్డ లాగి నాలుగు చేటల వడ్లు తీసుకునేది. ఒక ఏడు ఎలుకలు కొరికి ఆ కంత పెద్దదయింది. వడ్లు జలజలా రాలుతుంటే మేం పిల్లలం ఎగిరి గంతులేశాం. అమ్మ మాత్రం తల పట్టుకుని కూర్చుంది. హిమానీనదమూ గుమ్మి లాంటిదే. వేడి పెరిగితే ముందు కొన్నేళ్లు వాగులో నీళ్లు ఎక్కువే వస్తాయి, చూసేవాళ్లకు సంబరంగానే ఉంటుంది. గుమ్మి సగానికి దిగాక తెలుస్తుంది. హిమాలయాల మీద పనిచేసే కాఠ్మండూ సంస్థ ఐసీమోడ్ 2023లో చెప్పిన లెక్క ఇది: 2011–2020 మధ్య అక్కడి మంచు అంతకుముందు పదేళ్లకంటే 65 శాతం వేగంగా తరిగింది.

అలాగని గంగ ఎండిపోతుందని ఊళ్లో చెప్పకండి. మైదానంలోకి దిగాక గంగలో ఎక్కువ భాగం వాన నీళ్లే. కరిగిన మంచు మీద ఎక్కువ ఆధారపడేది సింధు నది. గంగ వైపు ముందు ఇబ్బంది పడేది ఏప్రిల్, మే నెలల్లో పైకొండల ఊళ్లవాళ్లు.

మన కృష్ణకు ఆ గుమ్మి కూడా లేదు, రోజుకూలి బతుకు. 2023 ఆగస్టు గుర్తుందా? 1901 నుంచి లెక్క చూస్తే దేశం మొత్తానికి అంత పొడి ఆగస్టు లేదు. తర్వాతి ఎండాకాలం సాగర్ ఎంత లోతుకు పోయిందో మీరే చూశారు. టెన్షన్ పడాలనుకుంటే మహాబలేశ్వరం వానల గురించి పడండి.

ప్రశ్న: మా తమ్ముడు హిమాలయాల్లో టన్నెల్ పనికి పోయాడు. మంచు చెరువులు తెగుతున్నాయని టీవీలో చూసి అమ్మ అన్నం తినడం లేదు. నిజంగా అంత ప్రమాదమా?
– ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: పాలమూరు లేబర్ చెయ్యి పడని డ్యాములు దేశంలో తక్కువ కాబట్టి ఈ భయం మన ఇళ్లకూ వస్తుంది. మంచు వెనక్కి పోతూ ముందు రాళ్లూ మట్టీ కుప్పగా వదిలేస్తుంది. ఆ కుప్పే కట్ట, వెనక చెరువు. మన చెరువుకు తూము, అలుగు ఉంటాయి. దానికి ఏదీ లేదు. పక్క కొండ విరిగి అందులో పడిందంటే చాలు. 2023 అక్టోబరు 3 రాత్రి సిక్కింలో దక్షిణ ల్హోనక్ సరస్సు అలాగే తెగి, తీస్తా నది మీద చుంగ్‌థాంగ్ డ్యామును ఎత్తుకుపోయింది. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో వరద వచ్చినప్పుడు చెరువే లేదు. రాయీ మంచూ కలిసి కొండ మీంచి విరిగిపడ్డాయి, 200 మందికి పైగా పోయారు. వాళ్లలో టన్నెల్లో పనిచేస్తున్నవాళ్లూ ఉన్నారు.

తమ్ముడికి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడుగు. పడుకునే షెడ్డు నదికి ఎంత ఎత్తులో ఉంది? సైరన్ ఉందా, ఎప్పుడైనా మోగించి చూపించారా? రాత్రి పూట పైకి పరుగెత్తే దారి తెలుసా? ‘తెలియదు’ అంటే మేస్త్రీని అడగమను. అమ్మకు మాత్రం డ్యాము సంగతి చెప్పకు.

ప్రశ్న: మంచు మీద మసి పడితే తొందరగా కరుగుతుందట. నిజమేనా సార్?
– పదో తరగతి విద్యార్థిని, నాగర్‌కర్నూల్

జవాబు: నన్ను నమ్మొద్దు బిడ్డా, చేసి చూడు. ఒకే సైజు ఐసు ముక్కలు మూడు ఎండలో పెట్టు. ఒకటి ఉత్తది. రెండోదాని మీద బొగ్గుపొడి పల్చగా చల్లు. మూడోదాని మీద ఇసుక నాలుగు వేళ్ల మందాన పొయ్యి. ఐసు బండిమీద ఊక ఎందుకు కప్పేవాళ్లో మీ తాతను అడిగితే మూడోదాని సంగతి కొంత తెలుస్తుంది. ఏది ముందు కరిగిందో, ఎన్ని నిమిషాలు పట్టిందో కార్డు మీద రాసి పంపు, వచ్చే సంచికలో వేస్తాను.