సిబిల్ బాగోలేకపోతే ఉద్యోగం రాదా?

ఉద్యోగ సందేహాలు: బ్యాంకు సిబ్బంది విభాగంలో పనిచేసి రిటైరైన అధికారిణి జవాబులు

ప్రశ్న: మేడమ్, బ్యాంకు క్లర్కు మెయిన్స్ రాసి ఫలితం కోసం చూస్తున్నాను. ఇంతకుముందు ప్రైవేటు కంపెనీలో చేసేటప్పుడు క్రెడిట్ కార్డు తీసుకున్నాను. ఆ ఉద్యోగం పోయాక కట్టలేకపోయాను, బాకీ 38 వేలకు చేరింది. రికవరీ వాళ్లు రోజూ ఫోన్ చేసి, 20 వేలు కడితే సెటిల్ చేసేస్తామన్నారు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి కట్టేశాం. ఇప్పుడు సిబిల్ రిపోర్టు (అప్పులు ఎలా కట్టామో చూపే రికార్డు) తీస్తే స్కోరు 612 ఉంది, కార్డు ఎదురుగా ‘సెటిల్డ్’ అని ఉంది. 650 లేకపోతే ఉద్యోగం ఇవ్వరని కోచింగ్ సెంటర్లో అంటున్నారు. 8 వేలిస్తే సిబిల్ క్లీన్ చేయిస్తానని ఒకాయన చెబుతున్నాడు. ఇవ్వమంటారా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— పేరు వేయవద్దన్న పాఠకురాలు

జవాబు: ఆ 8 వేలు ఇవ్వకండమ్మా. మీ రిపోర్టులో ఉన్నది తప్పు సమాచారం కాదు, నిజంగా జరిగిందే. నిజాన్ని చెరిపేసే అధికారం ఏ ఏజెంటుకీ లేదు. మీ ఆధార్, పాన్ కాపీలు ఇప్పటికే ఇచ్చి ఉంటే మీ పేరు మీద కొత్త అప్పేదైనా కనిపిస్తోందా అని చూసుకుంటూ ఉండండి.

ఇక 650 సంగతి. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. ఉద్యోగంలో చేరే నాటికి క్రెడిట్ చరిత్ర సవ్యంగా ఉండాలని, కనీస స్కోరు ఎంతన్నది ఆయా బ్యాంకుల విధానాన్ని బట్టి ఉంటుందని, బ్యాంకు ఉద్యోగ పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ నోటిఫికేషన్లలో రాస్తూ వచ్చారు. అందుకే కోచింగ్ సెంటర్ మాట పక్కనపెట్టి, మీరు అప్లై చేసిన నోటిఫికేషన్‌లో ఆ పేరా వెతికి చదవండి. సిలబస్‌ను పదిసార్లు చదివేవాళ్లు కూడా ఈ పేరా దగ్గరికొచ్చేసరికి పేజీ తిప్పేస్తారు.

నా అనుభవంలో ఇబ్బంది పెట్టేది అంకె కన్నా దాని కింద ఉండే వివరాలే. 612 ఉన్నా బాకీలన్నీ మూసేసి కాగితాలు తెచ్చినవాళ్ల ఫైలు ముందుకు కదిలేది. 720 ఉండి ఒక పాత లోను ‘రిటన్ ఆఫ్’ (వసూలు కాదని బ్యాంకు లెక్కల్లోంచి తీసేసినది) అని ఉంటే ఆ ఫైలు పైఅధికారి బల్ల మీద ఆగేది.

మీకు తగిలిన దెబ్బ ‘సెటిల్డ్’ అన్న ఆ ఒక్క మాటే. 38 వేలకు 20 వేలు తీసుకుని మిగతాది వదులుకున్నామని బ్యాంకు దాని ద్వారా చెబుతోంది. చూసేవాళ్లకు అది పూర్తిగా తీర్చిన అప్పు కింద లెక్క కాదు. రికవరీ వాళ్లు ఫోన్లో ఈ ముక్క చెప్పరు. గాజులు తాకట్టు పెట్టించి మరీ ఇలా చేయడం నాకు ఒళ్లుమంట తెప్పించే విషయం.

ఫలితం వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే కార్డు ఇచ్చిన బ్యాంకుకు మెయిల్ పెట్టండి. వదిలేసిన మిగతా మొత్తం కూడా కడతాను, ఆలస్య రుసుములు తగ్గించి లెక్క చెప్పండి, కట్టాక ఖాతాను ‘క్లోజ్డ్’గా నమోదు చేసి బాకీ లేదని పత్రం ఇవ్వండి అని అడగండి. ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా వచ్చాకే, అదీ నేరుగా కార్డు ఖాతాకే కట్టండి. ఏజెంటు ఫోన్‌పే నంబరుకు వద్దు. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి సిబిల్ లాంటి సంస్థలకు సమాచారం పంపాలి కాబట్టి, మునుపటంత ఆలస్యం ఉండకూడదు. కట్టాక కూడా మారకపోతే సవరణ కోరుతూ ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. అప్పటికీ పలకకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు, వివరాలకు 14448 నంబరు ఉంది.

మీరు కట్టని నెలల గుర్తులు మాత్రం వెంటనే పోవు. రిపోర్టులో 36 నెలల చెల్లింపుల చరిత్ర కనిపిస్తుంది. దానికి చేసేదేమీ లేదు. బాకీ లేదన్న పత్రం మాత్రం జాయినింగ్ ఫైల్లో పైనే పెట్టుకోండి. రిపోర్టులో మార్పు పడకపోయినా అప్పిచ్చిన సంస్థ నుంచి ఆ పత్రం తెస్తే చాలని నోటిఫికేషన్లలో తరచూ వెసులుబాటు ఉంటుంది. తుది నిర్ణయం బ్యాంకుదే అని కూడా ఆ పక్కనే రాసి ఉంటుంది, అది మరచిపోకండి.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దనడానికి ఒక కేసు చెబుతాను. స్టేట్ బ్యాంకులో అధికారి పోస్టుకు ఎంపికైన ఒక అభ్యర్థికి 2021 మార్చిలో నియామక పత్రం ఇచ్చి, మరుసటి నెలే సిబిల్ కారణంగా రద్దు చేశారు. బాకీలు లేవని ఆయన వాదించినా 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు బ్యాంకునే సమర్థించింది. ప్రజల డబ్బు చూసుకునేవాళ్లకు ఆర్థిక క్రమశిక్షణ ముఖ్యమని చెప్పింది.

క్యాష్ కౌంటరుకు ఆ మాట కొంతవరకు సరే అంటాను. కానీ జీతం ఆగి అప్పు కట్టలేకపోయిన మనిషికి, ఆ అప్పునే సాకుగా చూపించి జీతం వచ్చే దారి మూసేయడం ఏం న్యాయమో నాకు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడూ అర్థం కాలేదు.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫర్ ఇచ్చింది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారంలో క్రెడిట్ చెక్‌కు కూడా అనుమతి అడుగుతున్నారు. కాదనవచ్చా?

జవాబు: కాదనవచ్చు. ఆఫర్ వెనక్కి తీసుకుంటే మాత్రం మీరు పోరాడటానికి పెద్దగా ఆధారం ఉండదు. క్రెడిట్ సమాచార సంస్థలపై 2005లో వచ్చిన చట్టం ప్రకారం క్రెడిట్ సమాచారం ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వరు. అందుకే కంపెనీలు మీ సంతకం అడుగుతాయి, లేదా రిపోర్టు మీరే తెచ్చివ్వమంటాయి. ఏ కారణంతో చూస్తున్నారు, పని అయ్యాక రిపోర్టును ఏం చేస్తారు అని మెయిల్లో మర్యాదగా అడగండి. అది మీ హక్కే, వాళ్లు ముఖం మాడ్చుకున్నా సరే.

అమెరికాలో 1970 నాటి చట్టం ప్రకారం విడి కాగితం మీద అనుమతి తీసుకోవాలి. రిపోర్టు చూసి ఉద్యోగం నిరాకరించాలనుకుంటే ముందే దాని కాపీ అభ్యర్థికి ఇవ్వాలి. మన దగ్గర ఉద్యోగాల విషయంలో ఇంత స్పష్టమైన ఏర్పాటు లేదు. కాబట్టి వాళ్లకన్నా ముందు మీరే చూసుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. సొంతంగా చూసుకుంటే స్కోరు తగ్గదు. ఫోన్ కొన్నప్పుడు ఈఎంఐ పెట్టి మరిచిపోయిన చిన్న బాకీలు ఎక్కువగా ఇక్కడే బయటపడతాయి.

ప్రశ్న: మా అన్నయ్య కారు లోనుకు ష్యూరిటీ సంతకం పెట్టాను. ఆయన సరిగ్గా కట్టడం లేదు. నేను బ్యాంకు పరీక్షలు రాస్తున్నాను. నాకేమైనా అవుతుందా?

జవాబు: అవుతుంది. ఆ లోను మీ రిపోర్టులోనూ ‘గ్యారంటర్’ అన్న హోదాతో కనిపిస్తుంది, ఆలస్యాలతో సహా. అన్నయ్యతో ఎలా మాట్లాడాలో నాకన్నా మీకే బాగా తెలుసు. బ్రాంచికి వెళ్లి ఎన్ని కిస్తీలు ఆగాయో చెప్పే స్టేట్‌మెంట్ మాత్రం మీరే అడిగి తీసుకోండి. రెండు మూడు కిస్తీలే అయితే ఇప్పుడే కట్టించేయండి, ఆయన కుదరదంటే మీరైనా కట్టి, రసీదు మీ దగ్గరే ఉంచుకోండి.